పాఠము అప్పగించుట

మాఘమాసము నడుచుచున్నది. మా పర్చూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో ప్రత్తితీతలు ముగియవచ్చినవి. మిరపపండ్లు కల్లములలో ఎండుచున్నవి. తొడిమలు తీయు పనికి పోయివచ్చిన స్త్రీలు ఇంట బిడ్డను ఎత్తుకొనుటకును జంకుదురు; ఆ చేయి తగిలినచో పసికందు కన్నులు మండును గదా! ఈ యేడు కూలీలు దొరకక మా కాయలకు మేమే తొడిమలు తీసికొంటిమి. నా అరచేతులు రెండు రాత్రులు మండినవి. ఈ మాసము నేను చెప్పదలచిన ముచ్చటకు ఆ మంటయే తొలిపాఠమైనది.

మా ఆడుబిడ్డ కుమార్తె గుంటూరు వైద్యకళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. 1946లో నెలకొల్పబడిన ఆ కళాశాల మన మెట్టపల్లెల పిల్లలను ఎందఱనో వైద్యులను గావించినది. పరీక్షలకు నెలదినములు గడువుండగా, అమ్మమ్మ చేతి యన్నము తినుచు చదువుకొందునని ఆ పిల్ల మా యింటికి వచ్చినది. వెంట రెండు సంచుల పుస్తకములు. అందు పెద్దవి రెండు. ఒకటి పాథాలజీ; వ్యాధి దేహమున ఎట్లు పుట్టి ఎట్లు నడచునో తెలుపు శాస్త్రము. రెండవది ఫార్మకాలజీ, మందు దేహమున ఏమి చేయునో, మేలుతోపాటు ఏ కీడు చేయునో తెలుపు శాస్త్రము.

ఒక రాత్రి చాల ప్రొద్దుపోయినను గదిలో దీపము వెలుగుచుండుట చూచి లోనికి పోతిని. పిల్ల పుస్తకముపై తలవాల్చి యేడ్చుచున్నది.

"అత్తయ్యా, ఒక్కో మందుకు పదేసి దుష్ఫలితాలు. పొద్దున్న చదివినవి రాత్రికి మిగలడం లేదు. మొన్న కళాశాలలో పెట్టిన పరీక్షలో తప్పాను. అమ్మకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు" అన్నది.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా తాతగారు ఇంటనే అమరము, రఘువంశము, కవిత్రయ భారతము చెప్పిరి. వైద్యశాస్త్రమున నా కొక్క యక్షరమును రాదు. కాని పాఠము అప్పగించుకొనుట మాత్రము చిన్ననాటినుండియు ఎఱుగుదును. కావున, "పుస్తకము మూసి నా కప్పగింపుము, నేను వినెదను" అంటిని. ఆమె ఒక మందు పేరు చెప్పి దాని దుష్ఫలితముల పట్టికను గడగడ చదువసాగెను. అయిదవదానికడ ఆగిపోయెను. మఱల మొదలిడెను. మఱల అచటనే ఆగెను.

అప్పుడు నాకు తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. పద్యము చదివింపగనే వారు అర్థ మడుగువారు కారు. "క్రియ ఏది?" అని అడుగువారు. క్రియ చూపిన పిమ్మట, ఎవడు? దేనిని? దేనిచేత? ఎందువలన? అని ఒకదానివెంట నొకటి ప్రశ్నలు వచ్చెడివి. ఈ అన్వయము కుదురునప్పటికి పద్యము నోటికి వచ్చియే యుండెడిది. అన్వయము లేక వల్లించిన పద్యము నడుమ తెగినచో మఱల అతుకదు. ఆ పిల్ల పట్టికకు పట్టిన గతియు అదియే.

ఈ ప్రశ్న మన వైద్యమునకును క్రొత్తది కాదు. మాధవకరుడు కూర్చిన మాధవనిదానమున వ్యాధి నెఱుగుటకు అయిదు తెరువులు చెప్పబడినవి. కారణము నిదానము, ముందుగా పొడసూపు గుర్తు పూర్వరూపము, తేటపడిన లక్షణము రూపము, ఏ యాహారము, ఏ యౌషధము హితవగునో చూచి తెలిసికొనుట ఉపశయము, దోషము దేహమున నడచి వ్యాధిగా మాఱు ఆ నడక సంప్రాప్తి. నేటి శాస్త్రపు సిద్ధాంతములు వేఱు. అయినను పాథాలజీ పుస్తకము అడుగునదెల్ల ఆ అయిదవదానినే.

"మీ మందులకును క్రియ యుండునా?" అని అడిగితిని. పిల్ల కన్నులు తుడుచుకొని నవ్వినది. "ఉంటుంది. మేమే దాన్ని చదవకుండా కింద పట్టిక చదువుతాం" అన్నది.

"అట్లయిన నా చేయి ఏల మండుచున్నదో చెప్పుము. క్రియ మొదలు పెట్టుము."

ఆమె చెప్పినది ఇది. మిరపలోని కారపు పదార్థము పేరు క్యాప్సెయిసిన్. మన నొప్పినరముల కొనలయందు వేడిని కనిపెట్టు సూక్ష్మద్వారములు కలవు. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడి తగిలినచో అవి తెఱచుకొని, కాలుచున్నదను వార్తను మెదడునకు పంపును. క్యాప్సెయిసిన్ ఆ ద్వారమునే తెఱచును. అందువలన నిప్పు లేకయే నిప్పు వార్త చేరును. ఈ ద్వారమును అమెరికాలో డేవిడ్ జూలియస్ పరిశోధనాలయమువారు 1997లో గుర్తించిరి. వేడిని, స్పర్శను దేహము తెలిసికొను తీరు కనుగొన్నందులకు ఆయనకును ఆర్డెమ్ పటపూటియన్‌కును 2021లో నోబెల్ బహుమాన మొసగిరి. ఆ పదార్థము నీట కరగదు, నూనెలో కరగును. కావున చేతికి మొదట నూనె రాచి, పిమ్మట సబ్బుతో కడుగవలయును. నేను రెండు రాత్రులు చన్నీటిలో చేతులు ముంచి కూర్చుంటిని!

"ఇక మందు సంగతి?" అంటిని. సర్పి తగ్గిన పిమ్మట మిగులు నరపునొప్పికి ఈ కారపు పదార్థముతోనే లేపనము చేయుదురట. పలుమాఱులు రాయగా నరపుకొన మొద్దువాఱి, నొప్పి వార్త పంపుట మానును. దాని దుష్ఫలిత మేమి? రాచినచోట మంట. పిల్ల ఈ మాట చెప్పుచునే ఆగి, "అత్తయ్యా, ఇది బట్టీ పట్టక్కర్లేదు కదూ!" అన్నది. మందు చేయు పనియు, దాని కీడును ఒక్క క్రియయే. ఆనాటినుండి మేము ప్రతి రాత్రియు ఒక్కొక్క మందునకు అన్వయము చేయ మొదలిడితిమి.

మఱునాడు నొప్పిబిళ్ళల వంతు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మొదలగు బిళ్ళలను మన ప్రాంతపు కూలి స్త్రీలు నడుము నొప్పికి అంగడిలో కొని మ్రింగుట మీ రెఱిగినదే. దేహమునకు దెబ్బ తగిలినచోట ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు పుట్టి నొప్పిని, వాపును, జ్వరమును పెంచును. ఈ బిళ్ళలు ఆ పుట్టుకను ఆపును. ఆస్పిరిన్ పనియు ఇదియేయని జాన్ వేన్ 1971లో చూపెను. 1982లో నోబెల్ బహుమానము పొందినవారిలో ఆయన యొకడు.

"ఆ ప్రోస్టాగ్లాండిన్లకు వేఱు పని లేదా?" అని అడిగితిని. కలదట. జీర్ణకోశపు లోపొరను ఆమ్లమునుండి కాపాడునవి అవియే. దేహమున నీరు తగ్గినప్పుడు మూత్రపిండములకు నెత్తురు తఱుగకుండ చూచునవియు అవియే. కావున బిళ్ళ నొప్పి నాపునప్పుడే కడుపు కావలిని, మూత్రపిండముల కావలిని కూడ తొలగించును. ఎండలో చెమటోడ్చి, నీరు త్రాగక, పరగడుపున ఈ బిళ్ళ మ్రింగు మనిషికి కడుపులో పుండును, మూత్రపిండములకు కీడును ఏల కలుగునో మఱి వల్లెవేయ నక్కఱలేదు.

ఇక నేను సిగ్గుతో వ్రాయవలసిన భాగము వచ్చినది.

నాలవ రాత్రి రక్తపోటు మందులు. పిల్ల చెప్పుచున్నది, నేను వినుచున్నాను. మూత్రపిండమునుండి రెనిన్ అను పదార్థము బయలుదేరును. దానివలన యాంజియోటెన్సిన్ ఒకటవది పుట్టును. ఒక ఎంజైము దానిని రెండవదిగా మార్చును. ఆ రెండవది నెత్తురుగొట్టములను బిగించి పోటు పెంచును. ఎనలాప్రిల్, రామిప్రిల్ మొదలగు "ప్రిల్" అని ముగియు మందులన్నియు ఆ ఎంజైమును ఆపును. అంతట గొట్టములు వదులగును; పోటు దిగును. ఈ జాతి మందులకు త్రోవ చూపినది బ్రెజిలు దేశపు పాము విషమట.

అలవాటు చొప్పున అడిగితిని: "ఆ ఎంజైమునకు వేఱు పని యేమైన కలదా?"

"ఉంది. బ్రాడీకైనిన్ అనేదాన్ని ముక్కలు చేస్తుంది."

"ఎంజైము నాపినచో అది యేమగును?"

"పేరుకుంటుంది. ఊపిరిగొట్టాల్లో పేరుకొని గరగర పెడుతుంది. అప్పుడు పొడిద..."

ఆమె మాట ముగియలేదు. ప్రక్కగదిలో మా అత్తగారు దగ్గుచున్నారు.

మా అత్తగారికి దసరానుండి దగ్గు. కఫము లేదు, జ్వరము లేదు. రాత్రి పడుకొనగనే మొదలగును. మిరియాల కషాయము, తులసి రసము, సీసాలకొలది దగ్గుమందు, అన్నియు నయినవి. పట్టణమున ఒక వైద్యుడు ఛాయాచిత్రము తీయించి ఊపిరితిత్తులలో దోషము లేదనెను. అయినను నాకు భయము తీరలేదు. ఇంట చిన్నపిల్లలున్నారు. క్షయ యేమోనని అనుమానించి, ఎవ్వరితోను అనకయే ఆమె గ్లాసును, కంచమును వేఱుచేసితిని. ఆమె చూచిరి. ఒక్క మాటయు అనలేదు. ఆనాటినుండి ఆ గ్లాసును తామే కడుగుకొని, కిటికీలో వేఱుగ బోర్లించుకొనుచుండిరి. నాలుగు నెలలు అట్లు జరిగినది.

పిల్ల లేచిపోయి అమ్మమ్మ మందుల డబ్బా తెచ్చినది. భాద్రపదమున క్రొత్తగా వ్రాసిన రక్తపోటు బిళ్ళ పేరు చివర "ప్రిల్" అనియే యున్నది.

మఱునాటి యుదయమే మావారు అత్తగారిని ఆ బిళ్ళ వ్రాసిన వైద్యునికడకు తీసికొనిపోయిరి. ఆయన విని, "ఈ దగ్గు సంగతి నాతో ఒక్కసారైనా చెప్పలేదేమండీ?" అని, "సార్టాన్" అని ముగియు జాతిలోని మఱియొక మందునకు మార్చెను. ఆ జాతి మందు ఆ ఎంజైము జోలికి పోదు. రెండవ యాంజియోటెన్సిన్ తగులుకొను చోటును మాత్రము మూయును. కావున బ్రాడీకైనిన్ పేరుకొనదు. పిమ్మట దగ్గు పోయినది.

ఇందు తప్పెవ్వరిది? పోటు చూచిన వైద్యునికి దగ్గు తెలియదు. దగ్గు చూచిన వైద్యునికి పోటుబిళ్ళ సంగతి మేము చెప్పలేదు. అతడడిగినది దగ్గు, మేము చెప్పినది దగ్గు. రెండును తెలిసినది ఒక్క మా యింటికే. ప్రతి దినము ఆ బిళ్ళను నీటితో అందించినదానను నేనే. ప్రతి రాత్రి ఆ దగ్గు విన్నదానను నేనే. రెంటికిని అన్వయము చేయలేదు. ఈ మందులు వాడువారిలో నూటికి అయిదుగురు మొదలు ఇరువదిమందివఱకు ఇట్టి దగ్గు వచ్చుననియు, స్త్రీలలో మఱింత హెచ్చనియు పుస్తకములలోనే యున్నది. ఒకరికి కొన్ని దినములలోనే వచ్చును, ఒకరికి నెలలు గడచి వచ్చును. దగ్గు హాని చేయదు గాని, ఇదే మందువలన పెదవులు, నాలుక, ముఖము వాచినచో క్షణమును ఆలసింపక ఆసుపత్రికి పోవలయును. గర్భవతులు ఈ జాతి మందు వాడరాదు, శిశువునకు కీడు. ఒక హెచ్చరిక: నే నిది వ్రాసితినని ఎవ్వరును పోటుబిళ్ళను తమంతట తాము మానవలదు. మందు మార్చుట వైద్యుని పని. మనకు కనబడినది చెప్పుట మన పని.

1883లో అన్నా సారా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు గుంటూరు వచ్చెను. పురుషవైద్యునికి నాడి చూపుటకును సంకోచించు స్త్రీలు ఆమెకు తమ బాధలు చెప్పుకొనిరి. ఆమె నెలకొల్పిన ఆసుపత్రి ఆమె పేరనే ప్రసిద్ధి గాంచినది. 1930లో ఆమె గుంటూరిలోనే కన్నుమూసెను. ఆ నాటి కష్టము చెప్పుకొనుటకు వైద్యురాలు లేకపోవుట. నేడు గుంటూరు కళాశాలలో మన పిల్లలే వైద్యులగుచున్నారు. ఇంకను మనము సగము చెప్పి సగము మ్రింగినచో లోపము మనదే యగును.

అటుపిమ్మట మా రాత్రిపాఠములకు అత్తగారును వచ్చి కూర్చుండసాగిరి. చక్కెరవ్యాధి మందుల నాడు ఆమెయే ప్రశ్న వేసిరి: "ఏకాదశి ఉపవాసానికి బిళ్ళ మింగచ్చుటే?"

పిల్ల అన్వయము చెప్పినది. గ్లిబెన్‌క్లమైడు, గ్లిమిపిరైడు మొదలగు బిళ్ళలు క్లోమమునుండి ఇన్సులిన్‌ను బయటికి త్రోయును. భోజనము చేసితివా లేదా అని ఆ బిళ్ళ అడుగదు. అన్నము తిన్ననాడు ఆ పని మేలు. ఉపవాసమునాడు ఆ పనియే కీడు. నెత్తుటిలో చక్కెర మిక్కిలి తగ్గి చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు కలుగును. ముదిరినచో స్పృహ తప్పును. స్పృహ యున్నచో వెంటనే చక్కెర కలిపిన నీరు త్రాగింపవలయును; స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలయును. మెట్‌ఫార్మిన్ క్రియ వేఱు. అది ఇన్సులిన్‌ను త్రోయక, కాలేయము చక్కెర తయారుచేయుటను తగ్గించును. కావున తానొక్కటే యున్నచో చక్కెర అంతగా పడిపోవుట అరుదు. చిరకాలము వాడినవారికి బి12 విటమిను తగ్గవచ్చును. కార్తికమున, ఏకాదశులలో ఉపవాసముండు చక్కెరవ్యాధిగ్రస్తులు ముందుగా వైద్యుని అడిగి ఆనాటి మోతాదు తెలిసికొనవలయునేగాని, బిళ్ళ మ్రింగి అన్నము మానుట తగదు.

మా ప్రాంతమునకు మిక్కిలి దగ్గఱి పాఠము మఱియొకటి. గత భాద్రపదమున మా వీధి కౌలురైతు ప్రత్తికి పురుగుమందు కొట్టుచు చేలోనే కూలెను. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ మొదలగు మందులు ఒక్క జాతివి, ఆర్గానోఫాస్ఫేటులందురు. నరము కండరమునకో గ్రంథికో ఆజ్ఞ పంపుటకు అసిటైల్‌కోలిన్ అను పదార్థమును విడుచును. పని కాగానే ఒక ఎంజైము దానిని ఊడ్చివేయును. పురుగుమందు ఆ ఊడ్చు ఎంజైమును కట్టివేయును. ఊడ్పు లేక ఆజ్ఞలు పేరుకొనును. కన్నీరు, చొల్ల, చెమట, వాంతి, విరేచనము, మూత్రము అన్నియు ఒక్కసారి కారును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. ఊపిరితిత్తులలో నీరు నిండును. కండరము లదరి అదరి తుదకు చచ్చుబడును. "ఇన్ని లక్షణాలు గుర్తుండేవి కావు. ఊడ్పు ఆగిందని తలచుకుంటే అన్నీ వాటంతట అవే వస్తున్నాయి" అన్నది పిల్ల.

దీనికి ఆసుపత్రిలో ఇచ్చు ముఖ్యమైన మందు అట్రోపిన్. మన గట్లమీది ఉమ్మెత్తలోనున్న విషము ఈ జాతిదే. అది ఆజ్ఞ చేరు చోటును మూయును; కారుట ఆగును, ఊపిరితిత్తులు తేటపడును. మోతాదు మించినచో దాని క్రియయే తలక్రిందులుగ కనబడును: నోరెండుట, ఒడలు కాలుట, కంటిపాప పెద్దదగుట, గుండె పరుగు, పిచ్చిమాటలు. ఆ రైతు ఆసుపత్రిలో రెండు దినములు ఏదేదో పలవరించెను. భార్య భయపడి, ఇక మందు వలదని ఇంటికి తీసికొనిపోవ నెంచెను. ఆ మాటలు విషమువి కావు, విరుగుడు మందువనియు, వైద్యులు దానిని గమనించుచు మోతాదు తగ్గించుచున్నారనియు ఎవ్వరేని చెప్పియుండిన ఆమె అంత బెదరి యుండదు. అతడు బ్రదికినాడు.

అట్టి ఆపద వచ్చినప్పుడు ఇంటివారు చేయవలసినది కొంచెమే. మనిషిని చేనునుండి ఈవలకు తెచ్చి, మందు తడిసిన బట్టలు విప్పి, ఒడలిని సబ్బునీటితో కడుగవలయును. కడుగువారు చేతులకు తొడుగులు వేసికొనవలయును. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపరాదు; మజ్జిగ పోయరాదు. స్పృహ లేనివానిని ఒక ప్రక్కకు ఒత్తిగిలబెట్టి, 108కి ఫోను చేసి, మందు డబ్బాను వెంట తీసికొని పోవలయును. డబ్బాపై పేరు చూచిననే వైద్యునికి విష మేజాతిదో తెలియును.

పిల్లకు అన్నిటికంటె ధైర్యము కలిగించినది మన తెలుగువాడగు యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుడు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమాఱులు తప్పి మూడవమాఱు గెలిచెను. మద్రాసు వైద్యకళాశాలలో చదివియు ఎం.బి.బి.యస్. పట్టము గాక, దానికి తక్కువదగు ఎల్.యం.యస్. మాత్రమే పొందెను. ఆయన సోదరుని స్ప్రూ అను విరేచనవ్యాధి పొట్టనబెట్టుకొనెను. పిమ్మట అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున పనిచేసినవారు ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతిగా నిలిచి దాని పని నాపు మందులనుగూడ తయారుచేసిరి. మెథోట్రెక్సేటు అందు ఒకటి. 1948లో ఆయన కాలము చేసెను.

ఈ మందునకు అన్వయ మిది. కణము రెండగుటకు ఫోలేటు కావలయును. మందు దానిని అడ్డును. క్యాన్సరు కణములు వడివడిగ పెరుగును గనుక అవి చచ్చును. కాని నోటిలోపలి పొర, ఎముకలలోని నెత్తురు పుట్టు మూలుగ కూడ వడివడిగ పెరుగునవే గదా! కావున నోటిపూత, నెత్తురు కణములు తగ్గుట. కీళ్ళవాతమునకు దీనినే చిన్న మోతాదున వారమున కొక్కసారి యిత్తురు. కీడు తగ్గుటకు ఫోలిక్ ఆమ్లమును వేఱొకనాడు ఇత్తురు. సోదరీమణులారా, ఇది వారమున కొక్కనాడు మాత్రమే మ్రింగు బిళ్ళ. పొరపాటున దినదినము మ్రింగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. మీ యింట ఈ మందున్నచో ఆ వారము పేరు డబ్బాపై తెలుగున పెద్దగా వ్రాసియుంచుడు.

అయితే ప్రతి కీడును ఇట్లు అన్వయమునకు లొంగదు. దుష్ఫలితములను వైద్యులు రెండు తెగలుగ విభజింతురు. మొదటి తెగ మందు క్రియనుండి పుట్టునది. మోతాదునుబట్టి హెచ్చి తగ్గును. రెండవ తెగ ఆ మనిషి దేహతత్త్వమునుబట్టి వచ్చునది. పెనిసిలిన్ వేలమందికి మేలుచేసి ఒకనికి ప్రాణాపాయము తెచ్చును. గంధకపు జాతి మందులలో కొన్నిటివలన, మూర్ఛకిచ్చు కార్బమజెపిన్ వలన, అరుదుగ ఒడలు బొబ్బలెక్కి చర్మ మూడును. వీనిని పిల్ల వేఱు కాగితముపై వ్రాసి ఊరక వల్లెవేయవలసినదే. మొదటి తెగకు బుద్ధి, రెండవ తెగకు వల్లె. ఈ విభాగము తెలిసినంతనే వల్లె భారము సగమునకు పైగా తగ్గినదని ఆమె యన్నది.

వల్లెకును ఒక పద్ధతి కలదు. జర్మనీ దేశపు ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరములను తానే వల్లించి కొలిచి, మఱపు తొలి గంటలలోనే మిక్కిలి వడిగ వచ్చునని 1885లో ప్రకటించెను. కావున నేటి పాఠమును రేపు, మఱల మూడవనాడు, మఱల వారమునకు పుస్తకము మూసి అప్పగింపవలయును. తెఱచిన పుస్తకమును పదిమాఱులు చూచుటకంటె మూసిన పుస్తకమును ఒక్కమాఱు అప్పగించుట మేలు. తప్పినచోట నేను అందింపలేదు. నాకు రాదు గదా! "ఎందువలన?" అని మాత్రము అడిగితిని. వినువారికి శాస్త్రము రానక్కఱ లేదు; ఓపిక చాలును. మీ యింట పరీక్షకు పోవు పిల్ల యున్నచో ప్రొద్దున పాలగ్లాసు అందించుటతో మన పని తీరినదనుకొనక, ప్రక్కన కూర్చుండి వినుడు.

ఇక మన కొఱకు ఒక చిన్న పని. ఒక కాగితముపై ఇంటిలో ఎవ్వరెవ్వరు ఏ మందు, ఏ నెలనుండి, ఎన్నిమాఱులు వాడుచున్నారో వ్రాయుడు. క్రింద, ఆ మందు మొదలిడిన పిమ్మట క్రొత్తగ వచ్చిన దగ్గు, దద్దురు, తలతిరుగుడు, కడుపునొప్పి ఏదైననున్నచో తేదీతో వ్రాయుడు. పూర్వము ఏ మందైన పడకపోయినచో దానిని ఎఱ్ఱసిరాతో వ్రాయుడు. నాటుమందులు, అంగడి బిళ్ళలు కూడ విడువవలదు. ఏ వైద్యునికడకు పోయినను, ఏ బాధకు పోయినను, ఆ కాగితము ముందుగా చేతికిండు. మా యింట అది మందుల డబ్బా మూతలోపల అంటింపబడియున్నది.

మొన్న ఆదివారము పిల్ల గుంటూరు బయలుదేరినది. పరీక్షలు ఇంక పదిదినములున్నవి. బండి యెక్కుటకు ముందు తల్లికి ఫోను చేసి, తప్పిన పరీక్ష సంగతి తానే చెప్పినది. నేనును ఒకటి చెప్పవలసియుండెను. ఆ సాయంకాలము కిటికీలోని గ్లాసును తీసి అన్నిటితోపాటు కడిగి బీరువాలో పెట్టి, అత్తగారితో, "తప్పు చేసితినండి, మన్నింపుడు" అంటిని.

ఆమె, "నాకూ అదే భయమమ్మా. పిల్లలున్నారని నేనే దూరంగా పెట్టుకుందామనుకున్నా" అని, కాఫీ తెమ్మనిరి. ఆ గ్లాసుతోనే తెచ్చితిని.